లెక్కకు రాని గండాలు

వీధిలో ఎవరినడిగినా ఆయన అసలు పేరు చెప్పలేరు. గుద్దులాయన ఇల్లెక్కడ అంటే మాత్రం చెయ్యి చాచి చూపిస్తారు. పాపం, ఆయన ఎవరి మీదా చెయ్యెత్తిన మనిషి కాదు. హార్బరు ఆఫీసులో, మెట్లెక్కగానే కుడిచేతి వైపు ఉన్న ఇరుకు గదిలో కూర్చుని, సముద్రంలో ఓడలు ఎలా గుద్దుకున్నాయో తేల్చడం ఆయన ఉద్యోగం. ఆ ఉద్యోగమే పేరైపోయింది. ఆయన్ని కట్టుకున్న పాపానికి ఆవిడ గుద్దులమ్మ అయింది. కూరలబండి వాడు, "ఏమ్మా గుద్దులమ్మా, ఈ వారం ఎవర్నెవరు గుద్దారు?" అని అడిగితే, నవ్వేసి టమాటాలు ఏరుకునేది. అప్పట్లో ఆవిడకి నవ్వు సులువుగానే వచ్చేది.

ఆవిడ పెద్దగా చదువుకోలేదు. ఓడల సంగతి తెలిసిందంటే అది భోజనాల బల్ల దగ్గరే. ఆయన ఆఫీసు నుంచి రాగానే కాళ్ళు కడుక్కుని కూర్చునేవాడు. కంచం ముందుకు రాకముందే బల్ల మీద సముద్రం తయారయ్యేది. గ్లాసు ఒక ఓడ, చెంబు ఇంకో ఓడ, ఉప్పుజాడీ ఒడ్డు. రెండూ గుద్దుకున్న చోట వేలు పెట్టి, అక్కణ్ణుంచి గ్లాసునీ చెంబునీ వచ్చిన దారినే వెనక్కి జరుపుకుంటూ పోయేవాడు. ఒకచోట ఆపి, "ఇదిగో, ఇక్కడ తిప్పుంటే బతికిపోయేవారు" అనేవాడు. ఆఫీసులో అదే పని పెద్ద కాగితం మీద చేసి, ఆ చోట ఎర్ర పెన్సిలుతో చిన్న ఇంటూ గుర్తు పెట్టేవాడట.

"నువ్వు కిటికీలోంచి చూస్తున్నావనుకో," అని ఒకసారి ఆవిడకి చెప్పాడు. "ఎదురొచ్చే ఓడ కిటికీలో కాస్త అటో ఇటో జరుగుతూ ఉంటే భయం లేదు. ఉన్నచోటే ఉండి, రానురాను పెద్దదవుతోందనుకో, అది నీ మీదికే వస్తున్నట్టు."

"మీ అమ్మగారు వంటింట్లోకి వచ్చినట్టన్నమాట," అంది ఆవిడ మెల్లగా.

మంచం మీద నుంచి అత్తగారికి ఇలాంటివే బాగా వినబడేవి. "వింటున్నానే, వింటున్నాను. ఒరేయ్, ఆ ఓడలు తర్వాత గుద్దుకుంటాయి గానీ, ముందు కూర చల్లారిపోతోంది, తిను."

కిటికీ పక్క కుర్చీ బుల్లోడిది. బుల్లోడంటే ఆవిడ తమ్ముడు. తల్లి పోయాక వాణ్ణి సాకింది ఆవిడే. వాడికి ఓడల పిచ్చి పట్టింది కూడా ఆ బల్ల దగ్గరే. బావ గ్లాసు జరుపుతుంటే కళ్ళప్పగించి చూసేవాడు. పెద్దయ్యాక వేరే ఏ పనీ వద్దని, చిన్న సరుకు ఓడలో చేరి, సెకండ్ మేట్ దాకా వచ్చాడు. అంటే కెప్టెను నిద్రపోతున్నప్పుడో, టీ తాగుతున్నప్పుడో ఓడ వాడి చేతిలో ఉంటుంది. పెళ్ళి కూడా అయింది. ఆ పిల్ల ఇంటి ముందుగదిలో కుట్టుమిషను పెట్టుకుని జాకెట్లు కుడుతుంది. నోరు కాస్త దురుసు గానీ మనసు మంచిది. ఓడ ఒడ్డుకొచ్చిన రోజు ఇద్దరూ అక్కగారింట్లోనే తినేవారు.

హార్బరు నుంచి ఓడలు సముద్రంలోకి వెళ్ళే దారి ఒకచోట గుట్టని చుట్టి వంపు తిరుగుతుంది. లోపల్నుంచి వెళ్ళేవాళ్ళకి బయట్నుంచి వచ్చేవాళ్ళు కనబడరు. అందుకే గుట్ట మీద ఒక టవరు కట్టి, అందులో మనిషిని కూర్చోబెట్టారు. వాడికి రెండు వైపులా కనబడుతుంది. రేడియోలో అటు వాళ్ళకి చెబుతాడు, ఇటు వాళ్ళకి చెబుతాడు.

ఒక మధ్యాహ్నం బుల్లోడు కూర్చుంటూనే, "అక్కా, ఇవాళ నీ చేతి కూర నా నోట్లో పడుతోందంటే ఆ టవరు తాత దయే," అన్నాడు.

"ఏమైందిరా?"

"వంపు తిరిగామో లేదో, మేడంత ఓడ ఎదురుగా. తాత రేడియోలో బండబూతులు తిట్టబట్టి తిప్పుకున్నాం. ఎంత దగ్గరంటే, వాళ్ళ వంటవాడు బయటికి పారబోసిన నీళ్ళు నా మొహాన పడ్డాయి."

"పో, కోతలు," అంది వాడి భార్య.

"ఒట్టు. వాడి బనీనుకున్న చిరుగు కూడా చూశాను. కుట్టించుకోవాలంటే మా ఆవిడ ఉందిరా అని కేకేద్దామనుకున్నా, అంతలో దాటిపోయాడు."

అందరూ నవ్వారు. ఆవిడా నవ్వింది. గుద్దులాయన మాత్రం ఉప్పుజాడీ జరిపి, గ్లాసు పెట్టి, చెంబు పెట్టి చూసుకున్నాడు. ఆ తర్వాత అడిగాడు. "కాగితం రాశావా?"

ఓడలు తృటిలో తప్పించుకున్నప్పుడల్లా ఓడవాళ్ళు ఒక కాగితం రాసి ఆఫీసుకి పంపాలి. నియర్ మిస్ అంటారు. ఆవిడ మటుకు గండం అనేది. ఏ మలుపు దగ్గర ఎన్ని గండాలు గడిచాయో లెక్కగట్టి, ఎక్కడ ప్రమాదం పొంచి ఉందో ముందే చెప్పడం కూడా గుద్దులాయన పనిలో భాగమే. గుద్దుకున్నాక చెప్పడం కంటే అదే ఘనమైన పని అని ఆయనే అనేవాడు.

"రాయలేదు బావా. రాస్తే మా కెప్టెను బతకనిస్తాడా? ఓడ నడపడం చేతకాదా అని తర్వాతి ట్రిప్పుకి ఒడ్డునే దింపేస్తాడు. మీ ఆఫీసువాళ్ళు తక్కువా? రాసినవాణ్ణి పిలిచి దొంగని అడిగినట్టు అడుగుతారు. ఎవడూ రాయట్లేదు."

"సరే అయితే," అని గుద్దులాయన చెంబెత్తి నీళ్ళు తాగేశాడు. "రాయకపోతే నాకు తెలియనట్టే."

అది ఒక్కసారితో ఆగలేదు. వానలప్పుడు ఒకటి చెప్పాడు. మంచు పట్టిన పొద్దున ఇంకొకటి. చెప్పినప్పుడల్లా నవ్విస్తూనే చెప్పాడు. వాడి తత్వమే అంత, ఏడవాల్సినదాన్ని కూడా నవ్వుల్లో కలిపేసేవాడు. బావ ప్రతిసారీ కాగితం రాశావా అని అడిగేవాడు, వాడు లేదనేవాడు, మాట కూరలోకి మళ్ళేది.

ఒక సాయంత్రం గుద్దులాయన మిఠాయి పొట్లంతో ఇంటికొచ్చాడు. పెద్దసారు అందరి ముందూ మెచ్చుకున్నాడట. హార్బరు దారంతా ఎక్కడెక్కడ ఎంత ప్రమాదం ఉందో ఈయన లెక్క తేల్చి ఇచ్చాడు. గుట్ట వంపు దగ్గర గండాలు ఏటికేడూ తగ్గిపోయి, ఇప్పుడు కాగితం అన్నదే రావట్లేదు. కాబట్టి ఆ టవరు దండగ అని ఈయనే అన్నాడు. ఇకనుంచి టవరు మూసేస్తారు.

ఆవిడ మిఠాయి చేత్తో పట్టుకునే అడిగింది. "మరి బుల్లోడు చెప్పినవో?"

"అవి కబుర్లే. లెక్క వేరు, కబుర్లు వేరు. భోజనాల దగ్గర విన్నది రాస్తే నన్ను ఆఫీసులోంచి తరుముతారు."

"కబుర్లంటే? వాడు చావు తప్పించుకుని వచ్చాడు కదండీ."

"నీకు తెలియదులే," అన్నాడు ఆయన విసుగు లేకుండానే. ఆయనకి విసుగు రాదు. అదే ఆయనలో మంచి గుణమని అందరూ అంటారు.

బుల్లోడు వచ్చినప్పుడు వాడూ అడిగాడు. "బావా, తాతని దింపేశారేంటి?"

"మీరెవరూ ఒక్క కాగితం రాయలేదు కదరా. గండాలు లేనిచోట కాపలా ఎందుకు?"

బుల్లోడు నవ్వబోయి ఆగిపోయాడు. కంచంలో చెయ్యి కడిగేసుకుని, "అక్కా, ఇవాళ ఆకలి లేదే," అన్నాడు.

మరి కొన్నాళ్ళకి, తెల్లవారుతూండగా, మంచులో వాడి ఓడ సిమెంటు బస్తాలతో బయల్దేరింది. కెప్టెను కింద టీ తాగుతున్నాడు. వంపు తిరిగేసరికి బొగ్గుతో వస్తున్న పెద్ద ఓడ ఎదురుగా ఉంది. చెప్పేవాడు లేడు. ఎదురెదురుగా వస్తే ఇద్దరూ ఎవరి కుడికి వాళ్ళు తిప్పుకోవాలని రూలు. పెద్ద ఓడ కుడికే తిప్పింది. బుల్లోడికి కుడిపక్క గుట్ట రాళ్ళు. వాడు ఎడమకి తిప్పాడు. ఇద్దరూ ఒకేచోటికి వచ్చారు. సిమెంటు ఓడ చూస్తూండగానే మునిగిపోయింది. కెప్టెనూ మిగతావాళ్ళూ ఈది బయటపడ్డారు. బుల్లోడు ఓడ నడిపే గదిలోనే ఉండిపోయాడు.

వాణ్ణి బయటికి తీసినప్పుడు ఆవిడని చూడనివ్వలేదు. చూడకపోవడమే మంచిదన్నారు. ఏది మంచిదో అందరికీ తెలుసు, ఆవిడకి తప్ప.

ప్రమాదం మీద విచారణ వేశారు. బంధువు కాబట్టి గుద్దులాయన ఆ కేసు చూడకూడదు. వేరే రేవు నుంచి ఒక కుర్రాఫీసరు వచ్చి, రెండు ఓడల దారులూ గీసి, ఎర్ర ఇంటూ పెట్టాడు. కానీ గుద్దులాయన్ని సాక్షిగా పిలిచారు. వంపు దగ్గర ప్రమాదం లేదని తేల్చింది ఈయనే కదా. అక్కడ గండాలున్న సంగతి ఈయనకి ముందే తెలుసా లేదా అన్నది తేలాలి. తెలిసీ టవరు మూయించారంటే ఆఫీసుకీ తప్పులో వాటా పడుతుంది. తెలియదంటే మొత్తం తప్పు వాచ్‌లో, అంటే ఆ వేళ ఓడ నడిపే వంతులో, ఉన్నవాడిదే. చచ్చినవాడిదే.

మరదలు మిషను మీద గుడ్డ కప్పేసి వచ్చింది. వచ్చి వంటింట్లో నేల మీద కూర్చుంది. "వదినా, మా ఓడలో పనిచేసినవాళ్ళే, నీ తమ్ముడి చేత్తో తిన్నవాళ్ళే, ఎడమకి తిప్పి అందర్నీ ముంచాడని వీధుల్లో చెప్పుకుంటున్నారు. నిన్న జాకెట్టు కొలతలివ్వడానికొచ్చినావిడ నా మొహం మీదే అంది. మనిషి ఎలాగూ పోయాడు. ఆ మాటైనా పోవాలి. అన్నయ్యగారు చెబితే పోతుంది. ఇక్కడే కదా, ఈ బల్ల దగ్గరే కదా నీ తమ్ముడు చెప్పింది? నేనూ విన్నాను, నువ్వూ విన్నావు."

"చెబుతారు," అంది ఆవిడ. "ఎందుకు చెప్పరు? ఆయన అబద్ధమాడగా నేనెప్పుడూ చూడలేదు."

భోజనం పెడుతూ ఆయన్ని అడిగింది. ఆయన అన్నం కెలికాడు.

"అది చెబితే, తెలిసి తెలిసి కళ్ళు మూసుకున్నానని అవుతుంది."

"తెలిసేగా మూసుకున్నారు."

మంచం మీద అత్తగారు లేచి కూర్చుంది. "చూడు, పోయినవాడు పోయాడు. నాకూ కడుపు తరుక్కుపోతోంది, వాడూ నన్ను అత్తయ్యా అనే పిలిచేవాడు. కానీ ఉన్నవాడి మెడ మీద కత్తి పెడతానంటే ఎలా? నీ మొగుడు కాదూ?"

"వాడు నా తమ్ముడు కాదూ అత్తయ్యా?"

"అడిగితే చెబుతాలే," అన్నాడు గుద్దులాయన. "వాళ్ళు అడిగితే ఉన్నది ఉన్నట్టే చెబుతా."

ఆ ఒక్క మాట పట్టుకుని ఆవిడ విచారణ రోజు దాకా బతికింది.

విచారణ హాలంటే పెద్ద హాలేమీ కాదు. ఎత్తు బల్ల వెనక పెద్దాయన ఒకాయన, గోడకి ఓడల దారి పటం, దాని మీద కుర్రాఫీసరు గీసిన రెండు గీతలు. ఒకటి నీలం, ఒకటి నలుపు. వంపు దాటాక రెండూ కలిసేచోట ఒక మనిషి పోయాడని, ఆ గీతలు చూస్తే ఎవరికీ అనిపించదు. నలుపు గీత మాత్రం అక్కడితో ఆగిపోయింది. ఆవిడా మరదలూ వెనక బెంచీ మీద కూర్చున్నారు. ఫ్యాను కిర్రుకిర్రుమంటోంది.

కుర్రాఫీసరు కర్ర పెట్టి చూపిస్తూ చెప్పాడు. ఇక్కడ కుడికి తిప్పి వేగం తగ్గించి ఉంటే రాళ్ళని రాసుకుని పోయినా మునిగేది కాదు. ఇక్కడ తిప్పుంటే బతికేవారు. సరిగ్గా ఆ మాటే అన్నాడు. ఆ మాట ఆవిడ ఎన్నిసార్లు వడ్డిస్తూ విన్నదో. అప్పుడు అవి ఎవరివో ఓడలు.

గుద్దులాయన్ని పిలిచారు. ఆయన చొక్కా ఇస్త్రీ చేసింది ఆవిడే.

"వంపు దగ్గర ప్రమాదముందని మీకెప్పుడైనా సమాచారం వచ్చిందా?" అని పెద్దాయన అడిగాడు.

"నా దగ్గరికి ఒక్క కాగితం కూడా రాలేదండీ."

"మంచిది. కూర్చోండి."

అంతే. కాగితం కాకుండా ఇంకేమైనా వచ్చిందా అని ఎవరూ అడగలేదు. ఆయన కూర్చోబోతున్నాడు. అబద్ధం ఆడలేదు కూడా. పక్కన మరదలు ఆవిడ మోచేతిని గిల్లేసింది. ఆవిడ తనకే తెలియకుండా లేచి నిలబడింది.

"అయ్యా, ఒక్క మాట."

అందరూ వెనక్కి తిరిగారు. "ఎవరమ్మా మీరు?" అన్నాడు పెద్దాయన.

"ఆయన భార్యని. పోయినవాడు నా తమ్ముడు. అక్కడ గండముందని వాడు మా ఇంట్లో, భోజనాల దగ్గర, ఆయనకి చెప్పాడు. ఒకసారి కాదు. టవరు మూయకముందే చెప్పాడు. నేను వడ్డిస్తూ విన్నాను. వాడి భార్యా వింది."

హాల్లో గుసగుసలు లేచాయి. పెద్దాయన చేత్తో ఆపి, గుద్దులాయన వైపు తిరిగాడు. "ఏమండీ, ఆవిడ చెప్పింది నిజమేనా?"

గుద్దులాయన ఆవిడ వైపు చూడలేదు. పటం వైపు చూశాడు. కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. అడిగితే చెబుతానన్న మనిషిని ఇప్పుడు అడిగారు.

"మా ఇంట్లో భోజనాల దగ్గర చాలా మాటలు దొర్లుతాయండీ. బుల్లోడు సరదా మనిషి. ఏది నిజంగా అన్నాడో, ఏది నవ్వించడానికి అన్నాడో... నాకు గుర్తు లేదు."

ముందు వరసలో ఎవరో చిన్నగా నవ్వారు. పెద్దాయన మాత్రం నవ్వలేదు, మర్యాదస్థుడు. "అమ్మా, మీ బాధ నాకర్థమైంది. కూర్చోండి," అన్నాడు. ఎవరో గ్లాసుతో నీళ్ళు తెచ్చి ఇచ్చారు. ఆవిడ తాగింది కూడా. వద్దని నెట్టేయాల్సింది, కానీ మర్యాదగా ఇచ్చిందాన్ని నెట్టేయడం ఆవిడకి చేతకాదు.

వాచ్‌లో ఉన్న సెకండ్ మేట్ పొరపాటని తేల్చారు. చివర్లో, జాగ్రత్త కోసం టవరు మళ్ళీ తెరిస్తే మంచిదని ఒక ముక్క కలిపారు. తెరిచారు కూడా. ఇప్పుడక్కడ కొత్త రాడారు, కొత్త కుర్చీ, ఇద్దరు మనుషులు.

ఇంటికొచ్చాక ఆవిడ గొడవ చేయలేదు. వీధివాళ్ళు చేస్తుందేమోనని కిటికీలు తీసుకుని చూశారు. పొద్దున టీ, మధ్యాహ్నం డబ్బా, సాయంత్రం వంట, అత్తగారికి మందులు. అన్నీ వేళకే. మాటలే తగ్గాయి. ఆయన గ్లాసూ చెంబూ జరుపుతూ ఏదో చెప్పబోతే, ఆవిడ వచ్చి చెంబు తీసుకుని నీళ్ళు నింపడానికి పోయేది.

గుద్దులాయనకి మాత్రం దశ తిరిగింది. ఓడవాళ్ళు కాగితాలు రాయడానికి భయపడుతున్నారు, పేరు చెప్పక్కర్లేకుండా, నోటితో చెప్పినా లెక్కలోకి తీసుకోవాలి అని ఆయనే పెద్దసారుకి సలహా ఇచ్చాడు. అందరూ శభాషన్నారు. కొత్తగా చేరిన ఆఫీసర్లకి పాఠాలు చెప్పే పని కూడా ఆయనకే అప్పజెప్పారు. ఆ సంగతి అత్తగారు గొప్పగా చెబుతుంటే, ఆవిడ పొయ్యి దగ్గర గరిటె పట్టుకుని నిలబడిపోయింది. ఎక్కడ ఏం చేస్తే బాగుండేదో ఆయనకి ఎప్పుడూ తెలుసు. వెనక్కి జరుపుకుంటూ పోయి చెప్పడంలో ఆయన్ని మించినవాడు లేడు.

ఒక సెలవురోజు అలాంటి కుర్రాఫీసర్లని ఇద్దరిని భోజనానికి పిలిచాడు. వాళ్ళలో ఒకడు తెలియక కిటికీ పక్క కుర్చీలో కూర్చున్నాడు. గుద్దులాయన హుషారుగా చెబుతున్నాడు. "ఓడవాడు టీ తాగుతూ చెప్పినా సరే, నవ్వుతూ చెప్పినా సరే, వినాలి. వాడు నవ్వుతున్నాడంటే భయపడ్డాడన్నమాట."

"మరి గుట్ట వంపు దగ్గర ఆ ప్రమాదం ఎవరి తప్పు సార్?" అని అడిగాడు కుర్చీలో కుర్రాడు.

"వాచ్‌లో ఉన్నవాడిది," అన్నాడు గుద్దులాయన. ఒక్క క్షణం ఆగి, "ఎడమకి తిప్పాడు," అన్నాడు.

ఆవిడ కూర వడ్డిస్తోంది. గరిటె గిన్నెలో పెట్టింది. "ఆ వాచ్‌లో ఉన్నవాడు నా తమ్ముడు బాబూ. మీరు కూర్చున్న కుర్చీలోనే కూర్చునేవాడు. అక్కడ గండముందని ఈ సారుకి ముందే చెప్పాడు. నవ్వుతూనే చెప్పాడు. ఇంకొంచెం కూర వేయనా?"

ఆ కుర్రాడు కంచం మీద చెయ్యి అడ్డం పెట్టాడు. వద్దన్నట్టో, ఏం చెయ్యాలో తెలియకో. రెండోవాడు గుద్దులాయన మొహంలోకి చూశాడు. గుద్దులాయన మొహం పాలిపోయింది. ఈసారి గుర్తు లేదనలేకపోయాడు. అలా అని ఉందనీ అనలేదు. వాళ్ళిద్దరూ గబగబా తినేసి, పనుందని లేచిపోయారు.

తలుపు వేసి వచ్చి, "ఇంటికొచ్చినవాళ్ళ ముందు నా పరువు తీశావు," అన్నాడు ఆయన.

"హాలు నిండా మనుషుల ముందు మీరు వాడి పరువు తీశారు," అంది ఆవిడ. "వాడు చచ్చాడు కాబట్టి ఇంటికొచ్చి మిమ్మల్ని నిలదీయలేడు. అదొక్కటే తేడా."

"ఉద్యోగం పోతే ఈ ఇల్లు గడిచేదా?"

ఆవిడ కంచాలు ఎత్తుకుని వంటింట్లోకి పోయింది.

మర్నాడు మధ్యాహ్నం మరదలి దగ్గరికి వెళ్ళింది. విచారణ అయ్యాక మరదలు ఆ ఇంటి గడప తొక్కలేదు. ఆవిడే పోతూ ఉంటుంది. మిషను టకటకలాడుతోంది. కింద గుడ్డపీలికలు, గోడకి వాడి ఫోటో. వాడు అందులోనూ ఏదో చెప్పబోతున్నట్టే ఉంటాడు.

"చెప్పేశానే," అంది ఆవిడ గుమ్మంలోనే. "వాళ్ళ ఆఫీసువాళ్ళ ముందే, ఆయన మొహం మీదే చెప్పేశాను. నోట మాట రాలేదు ఆయనకి."

మరదలు కుట్టు ఆపలేదు. "మంచిది వదినా."

"వాళ్ళు ఇంకో నలుగురికి చెప్పకపోతారా? మాట పాకుతుంది. ఇంటికి ఎవరొచ్చినా చెబుతాను. ఆయన ఇక ఎవర్నీ పిలవడేమో, బజార్లోనైనా చెబుతాను."

"చెప్పు. చెబితే పిచ్చిదంటారు. అనుకోనీ." మరదలు దారం పళ్ళతో తెంపి తలెత్తింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి గానీ తడి లేదు. "నువ్వు నీ తమ్ముడి కోసం లేచి నిలబడ్డావు. నేనది మర్చిపోను. నీ మీద నాకు కోపం లేదు వదినా. కానీ నువ్విక్కడ కూర్చుని ఎంత ఏడ్చినా, సాయంత్రమయ్యేసరికి ఆ ఇంటికే పోతావు. ఆయనకే వండి పెడతావు. ఆయన చొక్కాలే ఇస్త్రీ చేస్తావు. నేను నిన్ను చూసినప్పుడల్లా నాకదే కనబడుతుంది. ఏం చెయ్యను?"

ఆవిడ ఎక్కడికి పోతుంది? వాడుంటే వాడింటికి వచ్చేది. ముక్కాలిపీటలాంటి చిన్న స్టూలు మీద కూర్చుని, కింద పడ్డ గుడ్డపీలికలు ఒక్కొక్కటే ఏరి సంచిలో వేసింది. మరదలు మళ్ళీ మిషను తొక్కింది.

ఎండ గోడ మీదికి ఎక్కింది. అత్తగారికి మందు వేసే వేళవుతోంది. ఆవిడ కొంగు దులుపుకుని లేచింది. మరదలు తలెత్తలేదు, కాళ్ళు మాత్రం ఆపేసింది. ఆవిడ చెప్పులు వేసుకుని మెట్లు దిగేదాకా మిషను మళ్ళీ మోగలేదు.